మీ కారు మూలుగుతోందా?

'కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం' అన్నారు మన పెద్దలు. ఇరుసుకి కందెన పూయని ఎడ్లబండి ఊరవతల నుంచే కిర్రు కిర్రుమంటూ తన రాకను చాటుకునేది. ఆ కిర్రు విని ఫలానావారి బండి వస్తోందని పోల్చుకుని, ఇంట్లో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవారని మా అత్తగారు చెబుతూంటారు. ఎడ్లబళ్ళు పోయి కార్లొచ్చాయి. కానీ ఇరుసు పోలేదు, కందెన అవసరం పోలేదు, సంగీతమూ పోలేదు. అద్దాలు బిగించుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని కూర్చుంటాం గనక ఇప్పుడది మనకి ఆలస్యంగా వినిపిస్తోంది. అంతే తేడా.

'కారు చప్పుళ్ళ గొడవ మనకెందుకమ్మా, అది మగవాళ్ళ వ్యవహారం కదా' అంటారేమో! నడిపేవారి ధ్యాసంతా రోడ్డు మీదుంటుంది. పైగా రోజుకింత చొప్పున పెరిగే చప్పుడుకి రోజూ నడిపేవారి చెవి అలవాటు పడిపోతుంది. పక్క సీట్లోనో, వెనక సీట్లోనో కూర్చున్న మనకే 'ఇదేమిటి కొత్తగా?' అని ముందు అనిపిస్తుంది. స్టీరింగు మన చేతిలోనే ఉంటే మరీ మంచిది. అయినా చప్పుళ్ళు వినడం మనకి కొత్తా చెప్పండి? కుక్కరు కూతలు లెక్కపెడతాం. మిక్సీ గొంతు మారితే పప్పు నలిగిందని తెలుసుకుంటాం. కుట్టుమిషను బరువుగా కదిలితే నూనె పోస్తాం. గదిలో ఫ్యాను గర్‌ర్‌మంటే బేరింగు పోయిందని చెప్పడానికి ఎవరూ రానక్కర్లేదు. ఆ ఫ్యానులో ఉన్న బేరింగుకి పెద్దన్నగారే కారు చక్రంలో ఉన్నది!

పూజ సరే, ఆ తర్వాత?

మా తుని చిన్న ఊరే కానీ బళ్ళకి పెద్ద కూడలి. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మా పక్కనుంచే పోతుంది. ఒకప్పటి అయిదో నంబరు రోడ్డు, ఇప్పుడు పదహారో నంబరు. తాండవ వంతెన దాటితే పాయకరావుపేట. 2022లో జిల్లాలు మారాక ఏటికి ఇవతల కాకినాడ జిల్లా, అవతల అనకాపల్లి జిల్లా. కొత్త బండి కొన్నామంటే తలుపులమ్మ లోవకి తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా వైపు ఆనవాయితీ. ఎన్ని లారీల మీద, ఎన్ని ఆటోల మీద ఆ తల్లి పేరు కనిపిస్తుందో లెక్కలేదు. చక్రానికి మొదటిరోజు అంత మర్యాద చేస్తాం. పదిహేనేళ్ళయ్యాక అదే చక్రం ఏమంటోందో మాత్రం వినిపించుకోం!

ఇలాంటి పాత కార్లు మన ఊళ్ళలో తక్కువేం లేవు. మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా అదే ఏడాది ఆగింది. తయారీ ఆగింది గానీ తిరగడం ఆగలేదు. సొంత కారుకి మొదటిసారి ఇచ్చే రిజిస్ట్రేషను 15 ఏళ్ళు పనిచేస్తుంది. ఆ తర్వాత బండి పరిస్థితి పరీక్షించి, బాగుంటే మరో 5 ఏళ్ళకి పొడిగిస్తారు. కొత్తది కొనే స్తోమతు అందరికీ ఉండదు కదా. ముసలి కారుని ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. ముసలివాళ్ళని చూసుకున్నట్టే దాన్నీ చూసుకోవాలి. ఎక్కడ నొప్పో కనుక్కుంటూ ఉండాలి.

కడియాలూ గోళీలూ

అసలు బేరింగు అంటే ఏమిటి? తిరిగే చక్రానికీ, తిరగని బండి భాగానికీ మధ్య రాపిడి లేకుండా చూసేది. లోపల ఒక ఉక్కు కడియం, బయట ఒక ఉక్కు కడియం, రెండింటి మధ్యా నున్నటి గోళీలు. గోళీల చుట్టూ గ్రీజు. గ్రీజు బయటికి పోకుండా, నీళ్ళూ దుమ్మూ లోపలికి రాకుండా పక్కన సీలు. గుర్రబ్బండి ఇరుసులో గోళీలు పెట్టి తిప్పవచ్చని ఫిలిప్ వాన్ అనే ఆయన 1794లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత 1907లో స్వీడన్‌లో ఒక బట్టల మిల్లులో ఇంజనీరుగా ఉన్న స్వెన్ వింగ్‌క్విస్ట్, ఇరుసు కాస్త పక్కకి ఒరిగినా తనంతట తాను సర్దుకునే బేరింగుని తయారుచేశాడు. మన చీరలు నేసే మిల్లుకీ, మనం ఎక్కే కారుకీ అలా చుట్టరికం కలిసిందన్నమాట!

ఇంత గట్టి ఉక్కూ ఎందుకు పాడవుతుంది? స్పీడు బ్రేకర్ల మీద ఎగిరి దూకిస్తే గోళీలు కడియాలకి కొట్టుకుని చొట్టలు పడతాయి. వానాకాలంలో చక్రం మునిగేంత నీళ్ళలోంచి పోతే, పాత సీలులోంచి నీరు దిగి గ్రీజు పాడై తుప్పు మొదలవుతుంది. కొత్త బేరింగుని ప్రెస్సు మిషను మీద నెమ్మదిగా నొక్కి ఎక్కించాల్సింది పోయి సుత్తితో బాదితే, అది పుట్టుకతోనే గాయపడుతుంది. ఇవేవీ లేకపోయినా, లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో బేరింగుని ఓ కంట కనిపెట్టి ఉండటం మంచిది.

ఎప్పుడు? ఎక్కడ? ఎలా?

డాక్టరు దగ్గరికెళ్ళి 'ఒంట్లో బాగాలేదండీ' అంటే సరిపోతుందా? జ్వరం పొద్దున్నా, రాత్రా? నొప్పి తిన్నాకా, తినకముందా? ఆయన అడుగుతాడు, మనం చెబుతాం. కారు నోరులేనిది. దాని తరఫున మనమే చెప్పాలి. వేగం పెరిగితే పెరుగుతోందా? గోతుల్లోనే వస్తోందా? మలుపులోనా? బ్రేకు తొక్కితేనా? ముందునుంచా, వెనకనుంచా? కుడా, ఎడమా? గూంమనా, టక్కుమనా, కిర్రుమనా? చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసిపెట్టుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని మరొకటుంది. డిక్కీ ఖాళీ చెయ్యండి. జాకీ, పానాలు, స్టెప్నీ, మొన్న పుట్టింటి నుంచి తెచ్చిన పచ్చడి జాడీ... అన్నీ దింపి ఓసారి తిప్పండి. సగం 'టకటకలు' అక్కడే పోతాయి. చక్రం నట్లు బిగువుగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడాలి. వదులు నట్టు నవ్వులాట కాదు.

గూంమనే చప్పుడు

పోయిన వానాకాలం సంగతి. మా అత్తగారికి కంట్లో ఇంజక్షన్లు. నెలకోసారి విశాఖపట్నం తీసుకెళ్ళాలి. రానూ పోనూ దాదాపు రెండొందల కిలోమీటర్లు. మాది పాత చిన్న కారు. నక్కపల్లి దాటి బండి వేగం అందుకునేసరికి, దూరాన రైసుమిల్లు ఆడుతున్నట్టు గూంమని ఒక మోత మొదలైంది. మావారు "రోడ్డు చప్పుడులే" అన్నారు. ఓ గ్యారేజీలో చూపిస్తే "షాకబ్జర్లు పోయాయి" అని ముందువి రెండూ మార్చారు. బిల్లు కట్టాం. మోత అలాగే ఉంది!

మర్నెల ప్రయాణంలో పాటలు ఆపించి, పాలచీటీల పుస్తకంలో నేను రాసుకున్నవి ఇవి: 'యాభై దాటాక మొదలు. వేగం పెరిగితే సన్నగా, గట్టిగా. గేరు మార్చినా మారదు. కొత్త తారు మీదా, పాత తారు మీదా ఒకటే. రోడ్డు కుడివైపు ఒంపు తిరిగితే ఎక్కువ, ఎడమవైపు తిరిగితే తక్కువ.' ఆ కాగితం చదివి మా వీధి చివరి మేస్త్రి బండిని ముట్టుకోకుండానే "ఎడం పక్క ముందు చక్రం బేరింగులా ఉందండి" అన్నాడు. జాకీ వేసి తిప్పి చూసి అదేనని తేల్చాడు.

ఎలా చెప్పగలిగాడో నాకు విడమరిచి చెప్పాడు. ఇది అందరికీ పనికొస్తుంది.

ఇంజను మోత ఇంజను వేగాన్ని బట్టి మారుతుంది. బేరింగు మోత బండి వేగాన్ని బట్టి మారుతుంది. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద ఓ క్షణం గేరు న్యూట్రల్‌లో పెడితే ఇంజను నెమ్మదిస్తుంది. అయినా మోత తగ్గలేదంటే అది చక్రాల వైపు నుంచి వస్తున్నదే. కానీ తాళంచెవి తిప్పి ఇంజను మాత్రం ఆపెయ్యకండి. బ్రేకు బరువెక్కుతుంది, స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

బండి కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. బస్సులో నిలబడితే మనం ఒరిగిపోమూ, అలాగే! బరువు మీద పడ్డ బేరింగే ఎక్కువ మూలుగుతుంది. కాబట్టి సాధారణంగా కుడి ఒంపులో మోత పెరిగితే ఎడమ బేరింగునీ, ఎడమ ఒంపులో పెరిగితే కుడి బేరింగునీ అనుమానించాలి. దీనికోసం హైవే మీద బండిని అటూ ఇటూ ఊపకండి. రోడ్డుకి ఉన్న ఒంపులు చాలు.

టైరు అరిగినా ఇలాంటి మోతే వస్తుంది. అయితే టైరు మోత రోడ్డు నునుపుని బట్టి మారుతుంది. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి చూడమంటాడు మేస్త్రి. మోత కూడా చోటు మారితే దోషం టైరుది.

విప్పిన బేరింగుని ఆయన నా చేతిలో పెట్టాడు. వేళ్ళతో తిప్పితే ఇసక నమిలినట్టు గరగరలాడింది. గోళీలు పరిగెత్తే దారంతా స్ఫోటకం మచ్చల్లా గుంటలు! దాన్ని అలాగే తిప్పుతూ పోతే చక్రం వదులై ఊగుతుంది, వేడెక్కుతుంది, చివరికి బిగుసుకుపోవచ్చు, చక్రమే ఊడిపోనూ వచ్చు. కంటి ఆపరేషను గదిలోంచి వచ్చిన పెద్దావిడని వెనక సీట్లో పడుకోబెట్టుకుని మనం వెళ్ళేది ఆ చక్రం మీదే కదా!

టక్కు టక్కుమంటే

గూంమనేది చక్రం పాట అయితే, టక్కుమనేది సస్పెన్షన్ పాట. చక్రాలకీ బండికీ మధ్య ఉండే స్ప్రింగులు, షాకబ్జర్లు, ఆర్ములు, వాటి కీళ్ళు - ఈ సంసారం మొత్తాన్నీ సస్పెన్షన్ అంటారు. మోకాలి చిప్ప అరిగితే ఎలా కటుక్కుమంటుందో, ఇక్కడ రబ్బరు బుష్షు అరిగినా అంతే.

నెమ్మదిగా పోతున్నప్పుడు, చిన్న చిన్న గతుకుల్లో కూడా ముందువైపు టకటకమంటే లింకు రాడ్డునీ, దాని బుష్షులనీ చూపించండి.

బ్రేకు తొక్కినప్పుడోసారి, కదిలేటప్పుడోసారి 'ఢక్' అని ఒక్కటే దెబ్బ వినిపిస్తే కింది ఆర్ము బుష్షులు వదులై ఉండొచ్చు. బండి ఒక పక్కకి లాగడం, టైరు ఒక అంచునే అరగడం దీనికి తోడు సాక్ష్యాలు.

ముందు చక్రాలు లాగే కార్లలో స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు కటకటకట మని వరసగా వస్తే, చక్రానికి శక్తినందించే సీవీ జాయింటు అరిగిందన్నమాట. అన్నవరం కొండ మలుపుల్లో, ఇరుకు సందులో బండి వెనక్కి తిప్పేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. చక్రం వెనకాల మడతల మడతల రబ్బరు తొడుగు చిరిగి, చుట్టూ గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి. తొడుగు చిరిగిన కొత్తలోనే మార్పిస్తే జాయింటు దక్కుతుంది.

బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే స్ప్రింగు టంగుమన్నా, కిర్రుమన్నా స్ప్రింగు పైనుండే మౌంటింగునీ, అందులోని బేరింగునీ అనుమానించాలి.

గతుకుల్లో వచ్చే టకటక, బ్రేకు మీద కాలు సుతారంగా ఆనించగానే ఆగిపోతోందా? అయితే బ్రేకు ప్యాడ్లు వదులుగా ఆడుతున్నాయేమో చూపించండి. సస్పెన్షన్ విప్పించే ఖర్చు తప్పుతుంది.

షాకబ్జర్లకి ఒక పాత పరీక్ష ఉంది. బండి ఆపి, ఒక మూల బానెట్టు మీద బలంగా నొక్కి వదలండి. పైకి లేచి సర్దుకుంటే సరే. ఉయ్యాలలా రెండు మూడు సార్లు ఊగితే దాని పని అయిపోయినట్టే. దాని ఒంటి మీద నూనె కారిన జిడ్డు ఉన్నా అంతే. అయితే అన్ని బళ్ళకీ ఈ ఒక్క పరీక్షే చాలదు. షాకబ్జర్లని మాత్రం జంటగా మార్చాలి. కాలికి కొత్త జోడు కొన్నప్పుడు ఒకే చెప్పు కొంటామా?

అంబాసిడర్లాంటి పాత బళ్ళకి వెనకాల కమాను కట్టలుంటాయి. అవి కిర్రుమంటే కమాన్ల మధ్య తుప్పో, చివర బుష్షులు అరగడమో కారణం కావచ్చు. బండి ఒక పక్కకి ఒరిగి నిలబడితే మాత్రం కమాను విరిగిందేమో వెంటనే చూపించాలి.

జాకీ ఎక్కించి చూస్తే

ఇది మేస్త్రి చేసే పనే. కానీ ఆయన చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. చదును నేల మీద, హ్యాండు బ్రేకు వేసి, మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, బండి కింద గట్టి స్టాండు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి ఎవరినీ దూరనివ్వకండి, మీ ఇంటివాళ్ళనైనా, మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాణ్ణయినా సరే.

పైకి లేచిన చక్రాన్ని గడియారం అనుకోండి. పన్నెండు దగ్గర ఒక చెయ్యి, ఆరు దగ్గర ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపితే ఆట తెలిసిందా? బేరింగు అయినా కావచ్చు, బాల్ జాయింటు అయినా కావచ్చు. అప్పుడు ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఆ పని మనమే చెయ్యొచ్చు! బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగు, అప్పటికీ ఉంటే కీలు. మూడు దగ్గరా తొమ్మిది దగ్గరా పట్టుకుని ఊపితే మాత్రమే ఆట కనిపిస్తే స్టీరింగు రాడ్డు చివర కీలుని చూడాలి. ఇక చక్రాన్ని తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి ఆనిస్తే, లోపల గరగర ఉంటే చేతికి తెలుస్తుంది. ఆట లేకపోయినా గరగర ఉంటే బేరింగు పాడైనట్టే లెక్క.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు?

ఇంటి ఖర్చులు చూసుకునేది మనమే కనక ఇది మనకి ముఖ్యం. అన్నీ ఒకేసారి చేయించనక్కర్లేదు.

లింకు రాడ్డు టకటక, కమాన్ల కిర్రు, మౌంటింగు మూలుగు - వీటికి మేస్త్రి చూసి సరేనంటే జీతం వచ్చేదాకా కొన్నాళ్ళు ఆగవచ్చు.

బేరింగు మోతకి దూరప్రయాణం మానుకోవాలి. మోతతో పాటు చక్రం ఊగుతున్నా, ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ కొడుతున్నా, మాడు వాసన వస్తున్నా బండి అక్కడే ఆపాలి. వేడి చూడ్డానికి చెయ్యి దగ్గరగా పెట్టండి చాలు, ముట్టుకుంటే కాలుతుంది.

బాల్ జాయింటుకీ, స్టీరింగు కీలుకీ ఆట వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. అవి ఊడితే చక్రం ఒక దారి, బండి ఒక దారి. ఈ కీళ్ళు, ఆర్ములు మార్చాక వీల్ ఎలైన్‌మెంట్ చేయించడం మరవొద్దు. లేకపోతే మిగిల్చిన డబ్బంతా టైర్లు తినేస్తాయి.

గ్యారేజీలో మన మాట

మేస్త్రి దగ్గరికెళ్ళి 'బేరింగు మార్చండి' అనకండి. 'ఇదిగో, ఇప్పుడు వస్తోంది, ఇక్కడ వస్తోంది, ఇలా వస్తోంది' అని చెప్పండి. జబ్బు పేరు ఆయన చెప్పాలి, లక్షణాలు మనం చెప్పాలి. 'ఓసారి మాతో బండిలో కూర్చుని విని చూడండి' అని అడగండి. వినకుండానే పార్టుల చిట్టా రాసేవారి దగ్గర ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఏ పార్టు మార్చినా పాతది చూపించమనండి. అది ఎక్కడ అరిగిందో అడగండి. కొత్తదాని డబ్బా, బిల్లు దాచుకోండి. మనం మార్కెట్లో బెండకాయని చివర తుంచి చూడకుండా కొంటామా? వేలకి వేలు పోసే పార్టు దగ్గర మొహమాటమెందుకు?

"ఆడవాళ్ళకి ఇవేం తెలుస్తాయండీ" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. చక్రం ఊగేటప్పుడు లోపల కూర్చున్నది ఆడవాళ్ళా మగవాళ్ళా అని అది చూడదు. ఇంతకీ కారు మాట్లాడేది మన భాషే: గూం, టక్, ఢక్, కిర్రు. ఈసారి ఊరు దాటి రోడ్డెక్కినప్పుడు ఓ పది నిమిషాలు పాటలు ఆపి, అద్దం దించి, పిల్లల్ని కూడా కాసేపు మాట్లాడకుండా ఉండమని చెప్పి వినండి. ఏమీ వినిపించకపోతే హాయి. వినిపిస్తే తేదీ వేసి రాసుకోండి.